బ్లూస్ గాయకులు శ్రోతలకు దొరికిన దారి

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, పత్తి చేలలో పనిచేసే నల్లజాతి కూలీల మధ్య, పంతొమ్మిదో శతాబ్దం ముగిసే రోజుల్లో బ్లూస్ పాట రూపు కట్టింది. 1865లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది కానీ భూమి మాత్రం పాత దొరల చేతుల్లోనే ఉండిపోయింది. పాలికి సాగు చేసే కుటుంబం ఏడాదంతా కష్టపడినా, పంట లెక్క తేలేసరికి దొర దుకాణంలో అప్పే మిగిలేది. ఆ బతుకు నుంచి వచ్చిన పాట ఇది. దీని నిర్మాణం చిన్నది. ఒక పాదం పాడతారు, అదే పాదం మళ్ళీ పాడతారు, మూడో పాదం ఆ రెంటికీ జవాబు చెబుతుంది. పన్నెండు బార్ల కొలతలో ఒక చరణం పూర్తవుతుంది. మూడో స్వరం, ఏడో స్వరం ఉన్నచోట నిలవకుండా కొద్దిగా కిందికి జారుతాయి. గమకం అలవాటున్న చెవికి ఆ జారుడు పరాయిగా అనిపించదు.

1950లలో పుట్టిన రాక్ సంగీతానికి వెన్నెముక ఈ పాటే. అయితే బ్లూస్ పాడినవాళ్ళలో చాలామంది పేర్లు వాళ్ళ ఊరి పొలిమేర దాటడానికే ఏళ్ళు పట్టింది. దాటిన ప్రతి పేరు వెనకా, ఆ పాట విని ఊరుకోలేకపోయిన మరో మనిషి ఉన్నాడు. ఆ మనిషి ఒక్కోసారి గ్రామఫోను దుకాణదారు, ఒక్కోసారి జైళ్ళు తిరిగిన పరిశోధకుడు, ఒక్కోసారి రైల్లో కాలేజీకి పోయే కుర్రవాడు. రాక్ కళాకారులకు ఎవరంటే ఇష్టమో, ఆ ఇష్టం వాళ్ళకెలా కలిగిందో చెప్పుకుంటే ఈ సంగీత చరిత్రలో సగం చెప్పుకున్నట్టే.

మొదటి సాక్ష్యం ఒక రైల్వే స్టేషన్లో దొరుకుతుంది. డబ్ల్యూ.సి. హాండీ నల్లజాతి బ్యాండు మాస్టరు, సంగీతం చదువుకున్నవాడు. 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలోని టట్‌వైలర్ స్టేషన్లో రాత్రివేళ రైలు కోసం కాచుకుని ఉన్నప్పుడు, పక్కన చిరిగిన బట్టలతో ఒక మనిషి గిటారు తీగల మీద కత్తి అంచును జారుస్తూ పాడటం విన్నాడు. ఆ పాటగాడి పేరు ఎవరికీ తెలియదు. ఆ బాణీ మాత్రం హాండీని వదల్లేదు. తర్వాత ఆయన ఆ పద్ధతిలో పాటలు కట్టి అచ్చు వేశాడు. 1914లో వెలువడిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది. బ్లూస్ పితామహుడన్న బిరుదు హాండీకి దక్కింది. ఆ గౌరవంలో టట్‌వైలర్ పాటగాడికీ వాటా ఉంది.

గ్రామఫోను కంపెనీలు నల్లజాతివారిని చాలాకాలం కొనుగోలుదారులుగా లెక్కచేయలేదు. పెర్రీ బ్రాడ్‌ఫోర్డ్ అనే పాటల రచయిత న్యూయార్కులో కంపెనీల గడపలు తొక్కి, చివరికి ఓకే అనే కంపెనీని ఒప్పించాడు. 1920 ఆగస్టులో మామీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ రికార్డయింది. అది నల్లజాతి పేటల్లో వేలకు వేలుగా అమ్ముడుపోయేసరికి మిగతా కంపెనీలకూ ఆశ పుట్టింది. నల్లజాతివారి కోసమంటూ వేరే జాబితాలు పెట్టి ‘రేస్ రికార్డులు’ అని పేరు పెట్టారు. మా రెయినీ, బెస్సీ స్మిత్ వంటి గాయనులు ఆ దశకంలోనే వెలుగులోకి వచ్చారు. బ్లూస్‌లో మొదటి తారలు ఆడవాళ్ళే. తర్వాతి కాలపు అభిమానులు గిటారు పట్టిన మగవాళ్ళ చుట్టూనే తిరుగుతూ ఈ సంగతిని తరచు మరిచిపోయారు.

అప్పటి కంపెనీల్లో పారమౌంట్ చరిత్ర విచిత్రమైనది. అది విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక కుర్చీల కంపెనీకి అనుబంధం. గ్రామఫోను పెట్టెలకు చెక్కపని చేస్తూ చేస్తూ, పెట్టెలు అమ్ముడుపోవాలంటే ప్లేట్లు కూడా ఉండాలని రికార్డుల వ్యాపారంలోకి దిగింది. వాళ్ళ ప్లేట్లు నాసిరకం, గరగర ఎక్కువ. అయినా బ్లైండ్ లెమన్ జెఫర్సన్, చార్లీ పాటన్, సన్ హౌస్, స్కిప్ జేమ్స్ ఆ గరగర వెనకే వినిపిస్తారు. ఆర్థికమాంద్యం దెబ్బకు 1930ల మొదట్లో ఆ వ్యాపారం ఆగిపోయింది. ప్లేట్లు అచ్చువేసే లోహపు మూలాలు పాత ఇనుము కింద పోయాయి. కొన్ని పాటలకు ఇవాళ ఒకటి రెండు ప్రతులే ఆధారం.

ఆ గాయకుల్లో చాలామందిని కంపెనీలకు చూపించినవాడు హెచ్.సి. స్పియర్. మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో, నల్లజాతివారి బజారైన ఫారిష్ వీధిలో ఆయనకు సంగీత వాయిద్యాల దుకాణం ఉండేది. స్పియర్ తెల్లజాతివాడు. కొనడానికి వచ్చేవాళ్ళు ఏ పాట అడుగుతున్నారో గమనించేవాడు, వీధుల్లో పాడేవాళ్ళను వినేవాడు, బాగున్నవాళ్ళను దుకాణంలోని యంత్రం మీద పాడించి చూసేవాడు. 1929లో చార్లీ పాటన్ రాసిన ఉత్తరం అందుకుని, ఆయన ఉండే డాకరీ పత్తి ఎస్టేటుకు కారేసుకుని పోయాడు. స్కిప్ జేమ్స్‌నూ టామీ జాన్సన్‌నూ పంపింది ఆయనే. డెల్టా బ్లూస్ అని ఇవాళ ప్రపంచం పిలిచేదాంట్లో పెద్ద భాగం ఆ ఒక్క దుకాణదారు చెవిలోంచి వడగట్టి వచ్చింది. ఆయనకు నచ్చనివాళ్ళు, ఆయన వీధికి రానివాళ్ళు రికార్డు ఎక్కకుండానే పోయారన్నది కూడా ఇందులోనే ఉంది.

1936లో స్పియర్ దుకాణానికి ఒక పాతికేళ్ళ యువకుడు వచ్చాడు. పేరు రాబర్ట్ జాన్సన్. స్పియర్ ఆయన పేరు మరో ప్రతినిధికి అందించాడు. ఆ నవంబరులో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో, గంటర్ హోటల్ గదిలో ఆయన పాటలు రికార్డు చేశారు. మరుసటి ఏడాది జూన్‌లో డాలస్‌లో మరికొన్ని చేశారు. మొత్తం 29 పాటలు. అంతే. 1938 ఆగస్టు 16న మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ దగ్గర, 27 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయాడు.

ఆ చావు వార్త న్యూయార్కుకు చేరక ముందే అక్కడ ఒకాయన జాన్సన్ కోసం వెతుకుతున్నాడు. జాన్ హామండ్ అనే రికార్డు నిర్మాత ఆ డిసెంబరులో కార్నెగీ హాలులో నల్లజాతి సంగీతానికి పెద్ద కచేరీ ఏర్పాటు చేసి, జాన్సన్‌ను పిలవాలనుకున్నాడు. మనిషి లేడని తెలిశాక ఆ స్థానంలో బిగ్ బిల్ బ్రూంజీ పాడాడు. జాన్సన్ పాటలను గ్రామఫోను మీద వేదిక నుంచే వినిపించారు. మళ్ళీ 1961లో కొలంబియా కంపెనీ ఆ పాత పాటల్లో కొన్నింటిని ఏర్చి ఒక ఎల్పీగా విడుదల చేసింది. ఆ ఎల్పీయే రాబర్ట్ జాన్సన్‌కు రెండో పుట్టుక. బాబ్ డిలన్‌కు అది విడుదలకు ముందే హామండ్ చేతి మీదుగా అందింది. లండన్‌లో, రోలింగ్ స్టోన్స్ బృందం కట్టినవాళ్ళలో ఒకడైన బ్రయన్ జోన్స్ దాన్ని తన సహచరుడు కీత్ రిచర్డ్స్‌కు వినిపిస్తే, ఈయన వెనక రెండో గిటారు వాయిస్తున్నదెవరని రిచర్డ్స్ అడిగాడట. రెండో గిటారు లేదు. బొటనవేలితో కింది తీగల మీద నడక, మిగతా వేళ్ళతో పైతీగల మీద బాణీ, రెండూ ఒక్క మనిషివే. ఎరిక్ క్లాప్టన్‌కు ఆ ఎల్పీ జీవితాంతం వదలని ప్రేమ అయింది. 1968లో ఆయన బృందం క్రీమ్ వెలువరించిన ‘క్రాస్‌రోడ్స్’ జాన్సన్ పాటే. నాలుగు రోడ్ల కూడలిలో సైతానుకు ఆత్మను అమ్మి జాన్సన్ విద్య సంపాదించాడన్న కథ ఈ అభిమానుల కాలంలోనే బలపడింది. నిజానికి అంతకుముందు అలాంటి కథ టామీ జాన్సన్ గురించి ఉండేది. రాత్రింబవళ్ళు చేసిన సాధనను సైతాను ఖాతాలో వేయడం ఆ కళాకారుడికి అన్యాయం.

కంపెనీలు డబ్బు కోసం వెతికితే, లోమాక్స్‌లు పాటను దాచిపెట్టడానికి వెతికారు. జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం తరఫున, కారు వెనక బరువైన రికార్డింగు యంత్రాన్ని వేసుకుని దక్షిణాది జైళ్ళు తిరిగారు. బయటి రేడియో పాటలు సోకని పాత బాణీలు జైళ్ళలో దొరుకుతాయని వాళ్ళ నమ్మకం. 1933 జూలైలో లూసియానాలోని అంగోలా జైల్లో వాళ్ళకు హడీ లెడ్‌బెటర్ కనిపించాడు. లెడ్ బెల్లీ అన్నది ఆయన వాడుక పేరు. పన్నెండు తీగల గిటారు, గంభీరమైన గొంతు, వందల పాటలు గుర్తుండే జ్ఞాపకశక్తి. పాట వినిపించి గవర్నరును కరిగించి విడుదలయ్యాడన్న కథ లూసియానా విషయంలో నిజం కాదు. 1934లో ఆయన సత్ప్రవర్తన నియమాల కింద బయటికి వచ్చాడు. కానీ అంతకు తొమ్మిదేళ్ళ ముందు టెక్సస్‌లో గవర్నరు ముందు పాడి క్షమాభిక్ష పొందిన మాట నిజమే. జాన్ లోమాక్స్ ఆయనను న్యూయార్కు తీసుకుపోయి ప్రముఖుడిని చేశాడు, ఖైదీ వేషంలో ప్రదర్శించాడు కూడా. డబ్బు పంపకం దగ్గర ఇద్దరూ విడిపోయారు. 1949లో లెడ్ బెల్లీ చనిపోయాడు. ఏడాది తిరక్కుండా ఆయన పాట ‘గుడ్‌నైట్ ఐరీన్’ వీవర్స్ బృందం గొంతులో అమెరికా అంతటా మోగింది.

1941 ఆగస్టులో ఆలన్ లోమాక్స్ మిసిసిపీ వచ్చినప్పుడు, ఆయనతో ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన నల్లజాతి సంగీత పండితుడు జాన్ వర్క్ ఉన్నాడు. ఈ పరిశోధనలో వర్క్ పాత్ర దశాబ్దాలపాటు మరుగున పడింది. ఆయన రాసిన రాతలు 2005లో గానీ పుస్తకంగా రాలేదు. వాళ్ళు రాబర్ట్ జాన్సన్ లాంటి పాటగాళ్ళ కోసం అడుగుతూ పోతే, స్టోవాల్ ఎస్టేటులో ట్రాక్టరు నడిపే మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్ ఇంటికి చేరారు. ఊళ్ళో ఆయనను మడ్డీ వాటర్స్ అంటారు. అక్కడే ఆయన గుడిసెలో పాడించి రికార్డు చేశారు. తర్వాత లోమాక్స్ ఆయనకు ఇరవై డాలర్లు, రెండు ప్లేట్లు పంపాడు. తన గొంతు తానే విన్న ఆ క్షణంలో, తాను పాడగలనన్న నమ్మకం కుదిరిందని వాటర్స్ తర్వాత చెప్పుకున్నాడు. 1943లో ఆయన రైలెక్కి షికాగో పోయాడు.

ఆ రైలు ఆయన ఒక్కడిదే కాదు. పత్తి చేలు వదిలి ఉత్తరాది కార్ఖానాలకు లక్షలమంది తరలిన కాలం అది. షికాగో సారాదుకాణాల రొదలో మామూలు గిటారు ఎవరికి వినిపిస్తుంది? వాటర్స్ కరెంటు గిటారు పట్టాడు. పోలండు నుంచి వలస వచ్చిన యూదు సోదరులు లెనార్డ్ చెస్, ఫిల్ చెస్ నడిపే కంపెనీకి 1948లో ‘ఐ కాంట్ బి శాటిస్‌ఫైడ్’ పాడాడు. ఏడేళ్ళ కిందట గుడిసెలో లోమాక్స్ రికార్డు చేసిన పాటల్లో ఒకటి కరెంటు తీగల మీదికి మారితే అదే ఈ పాట. ఒకే మనిషి, ఒకే పాట, రెండు రికార్డులు. పల్లె బ్లూస్ పట్నం బ్లూస్‌గా ఎలా మారిందో తెలుసుకోవాలంటే ఈ రెంటినీ పక్కపక్కన వినడానికి మించిన పాఠం లేదు.

ఈ సంగీతానికి రేడియో చేసిన మేలు ప్రత్యేకంగా చెప్పవలసినది. 1941 నవంబరులో ఆర్కన్సాలోని హెలెనా పట్టణంలో కే.ఎఫ్.ఎఫ్.ఏ. కేంద్రం ‘కింగ్ బిస్కెట్ టైమ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక గోధుమపిండి వ్యాపారి దానికి డబ్బు పెట్టాడు. మధ్యాహ్నం పన్నెండుంపావుకు, అన్నాల వేళకు, సన్నీ బాయ్ విలియమ్సన్ మౌత్ ఆర్గాన్, రాబర్ట్ లాక్‌వుడ్ గిటారు పావుగంట వినిపించేవి. మధ్యమధ్య పిండి ప్రకటన వచ్చేది. పాట ఎంత నచ్చిందంటే, ఆ వ్యాపారి సన్నీ బాయ్ బొమ్మతో మొక్కజొన్న పిండి సంచులు కూడా అమ్మాడు. అదే రాబర్ట్ లాక్‌వుడ్ తల్లితో రాబర్ట్ జాన్సన్ కొంతకాలం కలిసి ఉన్నాడు. జాన్సన్ దగ్గర కూర్చుని గిటారు నేర్చుకున్నవాడు లాక్‌వుడ్. ఆ రకంగా జాన్సన్ వాయించే తీరు ఆయన పోయాక కూడా రోజూ మధ్యాహ్నం గాలిలో వినిపించేది.

పొలం నుంచి మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఆ కార్యక్రమం వినే కూలీల్లో రైలీ కింగ్ ఒకడు. 1948లో ఆయన మెంఫిస్ చేరి, అప్పటికి నది అవతల మరో కేంద్రంలో పాడుతున్న సన్నీ బాయ్ దగ్గరకు నేరుగా పోయి, ఒక పాటకు అవకాశం అడిగాడు. ఆ పరిచయం మీద డబ్ల్యూ.డి.ఐ.ఏ. కేంద్రంలో చోటు దొరికింది. పెప్టికాన్ అనే టానిక్కుకు ప్రకటన పాట పాడుతూ ఉద్యోగం మొదలైంది. బీల్ వీధి బ్లూస్ బాయ్ అని శ్రోతలు పెట్టుకున్న పేరు కుదించుకుపోయి బి.బి. కింగ్ అయింది. ఆ కేంద్రం ఆ రోజుల్లోనే కార్యక్రమాలన్నీ నల్లజాతి శ్రోతల కోసమే ప్రసారం చేయడం ప్రారంభించింది. అమెరికాలో అలా చేసిన మొదటి కేంద్రం అదే.

హౌలిన్ వుల్ఫ్ కూడా రేడియో ద్వారానే దొరికాడు. అసలు పేరు చెస్టర్ బర్నెట్. చార్లీ పాటన్ దగ్గర గిటారు, సన్నీ బాయ్ దగ్గర మౌత్ ఆర్గాన్ నేర్చిన రైతు. నలభయ్యో పడిలో పడేదాకా ఆయన గొంతు రికార్డు ఎక్కలేదు. వెస్ట్ మెంఫిస్ రేడియోలో ఆయనను విన్న సామ్ ఫిలిప్స్ 1951లో తన చిన్న స్టూడియోలో పాడించాడు. తాను రికార్డు చేసినవాళ్ళందరిలో వుల్ఫే గొప్పవాడని ఫిలిప్స్ చివరిదాకా అనేవాడు. అదే స్టూడియోలో 1954 జూలైలో ఎల్విస్ ప్రెస్లీ అనే పంతొమ్మిదేళ్ళ తెల్ల కుర్రవాడు, విరామంలో గిటారు పట్టుకుని ఆర్థర్ క్రూడప్ పాట ఒకటి హుషారుగా అందుకున్నాడు. ఫిలిప్స్ దాన్ని వెంటనే రికార్డు చేయించాడు. డ్యూయీ ఫిలిప్స్ అనే రేడియో వ్యాఖ్యాత ఆ రాత్రుల్లో దాన్ని మళ్ళీ మళ్ళీ వేసి మెంఫిస్‌ను ఊపేశాడు. షికాగోలో మరుసటి ఏడాది చక్ బెర్రీ అనే గిటారిస్టు మడ్డీ వాటర్స్‌ను కలిసి, రికార్డు చేయాలంటే ఎవరిని చూడాలని అడిగాడు. లెనార్డ్ చెస్‌ను చూడమన్నాడు వాటర్స్. ‘మేబెలీన్’ అలా వచ్చింది. రాక్ అండ్ రోల్‌కు భాష దొరికింది.

అక్కడి నుంచి కథ సముద్రం దాటుతుంది. యుద్ధం తర్వాతి బ్రిటన్‌లో అమెరికా బ్లూస్ రికార్డులు దుకాణాల్లో దొరకడమే కష్టం. 1956లో లానీ డోనెగన్ పాడిన లెడ్ బెల్లీ పాట ‘రాక్ ఐలాండ్ లైన్’ హిట్టయి, ఇంటింటా గిటారు కొనిపించింది. 1958లో జాజ్ బ్యాండు నాయకుడు క్రిస్ బార్బర్ ఆహ్వానం మీద మడ్డీ వాటర్స్ వచ్చి కరెంటు గిటారు మోగిస్తే, పల్లెపాట కోసం వచ్చిన కొందరు నొచ్చుకున్నారు. ఆ విమర్శ గుర్తుపెట్టుకుని 1963లో ఆయన మామూలు గిటారుతో వచ్చాడు. ఈలోగా కుర్రకారు మారిపోయింది. కరెంటు గిటారు ఏదని వాళ్ళడిగారు.

ఆ కుర్రకారులో ఇద్దరు 1961 అక్టోబరులో డార్ట్‌ఫోర్డ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద కలిశారు. చిన్నప్పుడు ఒకే బడిలో చదివినవాళ్ళే, తర్వాత ఎవరి దారి వారిదైంది. మిక్ జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ ఎల్పీలున్నాయి. కీత్ రిచర్డ్స్ కళ్ళు వాటి మీద పడ్డాయి. జాగర్ వాటిని షికాగోలోని చెస్ కంపెనీకి ఉత్తరం రాసి టపాలో తెప్పించుకునేవాడు. ఇష్టం కలిసింది, స్నేహం కలిసింది. మరుసటి వసంతంలో లండన్ శివారు ఈలింగ్‌లో ఆలెక్సిస్ కోర్నర్, సిరిల్ డేవీస్ నేలమాళిగలో నడిపిన బ్లూస్ క్లబ్బుకు వెళితే, అక్కడ బ్రయన్ జోన్స్ ఎల్మోర్ జేమ్స్ పద్ధతిలో తీగల మీద గొట్టం జారుస్తూ వాయిస్తున్నాడు. వాళ్ళు కట్టిన బృందానికి మడ్డీ వాటర్స్ పాట పేరే పెట్టుకున్నారు: రోలింగ్ స్టోన్స్.

ఆ ఏడాదే హార్స్ట్ లిప్‌మాన్, ఫ్రిట్జ్ రావ్ అనే జర్మన్ నిర్వాహకులు అమెరికా బ్లూస్ కళాకారులను యూరప్ అంతటా తిప్పడం మొదలుపెట్టారు. 1962 అక్టోబరులో మాంచెస్టర్ కచేరీకి లండన్ నుంచి వచ్చిన కుర్రవాళ్ళలో జాగర్, రిచర్డ్స్, జోన్స్‌తో పాటు తర్వాత లెడ్ జెపెలిన్ కట్టిన జిమ్మీ పేజ్ కూడా ఉన్నాడు. 1964 మే నెలలో అదే మాంచెస్టర్‌లో, మూసేసిన రైల్వే స్టేషన్‌ను వేదికగా మార్చి గ్రనాడా టెలివిజన్ తీసిన కార్యక్రమంలో సిస్టర్ రోజెట్టా థార్ప్ వాన తుంపర్ల మధ్య కరెంటు గిటారు వాయించింది. 1930లలోనే గిటారు చేతబట్టి భక్తిపాటలు పాడిన ఆమె, ఎల్విస్, చక్ బెర్రీల కన్నా ముందు నడిచిన మనిషి. రాక్ చరిత్రలో ఆమె పేరు మొదటి పేజీల్లో ఉండాలి.

రోలింగ్ స్టోన్స్ తమ ఇష్టాన్ని దాచుకోలేదు. 1964లో షికాగో పోయి చెస్ స్టూడియోలోనే రికార్డు చేశారు. విల్లీ డిక్సన్ రాసి హౌలిన్ వుల్ఫ్ పాడిన ‘లిటిల్ రెడ్ రూస్టర్’ను ఆ డిసెంబరులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కించారు. 1965 మేలో అమెరికా టెలివిజన్ కార్యక్రమం ‘షిండిగ్’కు పిలిస్తే, హౌలిన్ వుల్ఫ్ కూడా రావాలని పట్టుబట్టారు. వుల్ఫ్ పాడుతుంటే ఆ కుర్రవాళ్ళు ఆయన కాళ్ళ దగ్గర చేరి కూర్చున్నారు. తన దేశపు తెల్ల ప్రేక్షకుల్లో చాలామందికి యాభై నాలుగేళ్ళ వుల్ఫ్ ఇంగ్లండు కుర్రవాళ్ళ ద్వారా పరిచయమయ్యాడు. జిమీ హెండ్రిక్స్‌దీ ఇదే తిరుగుదారి. 1966లో న్యూయార్కు క్లబ్బుల్లో అనామకంగా వాయిస్తున్న ఆయనను లిండా కీత్ అనే ఇంగ్లీషు యువతి విని, ఆనిమల్స్ బృందం నుంచి తప్పుకుంటున్న చాస్ చాండ్లర్‌ను తీసుకొచ్చి వినిపించింది. చాండ్లర్ ఆయనను లండన్ తీసుకుపోయాడు. అమెరికా తన గిటారిస్టును లండన్ నుంచి తిరిగి అందుకుంది.

బ్రిటన్‌లో ఇది జరుగుతుండగా, అమెరికాలో పాత ప్లేట్లు ఏరుకునే యువకులు మరో రకం వెతుకులాటలో పడ్డారు. 1952లో హారీ స్మిత్ అనే సేకర్త తన దగ్గరి పాత ప్లేట్ల నుంచి 84 పాటలు ఎంచి ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా విడుదల చేశాడు. అందులో మిసిసిపీ జాన్ హర్ట్ పాటలు రెండున్నాయి. మృదువైన గొంతు, నీళ్ళు పారినట్టుండే గిటారు. 1928లో రికార్డు చేసి ఊరికి పోయాక హర్ట్ గురించి బయట ఎవరూ వినలేదు. ఆయన పాడిన మరో పాట ‘ఆవలాన్ బ్లూస్’లో ఆవలాన్ తన సొంతూరన్న ఆచూకీ ఉంది. టామ్ హాస్కిన్స్ అనే యువకుడు పాత అట్లాసులో మిసిసిపీలో ఆ చుక్కను పట్టుకుని 1963లో అక్కడికి పోయి దుకాణం దగ్గర అడిగితే, ఇల్లు చూపించారు. పశువులు కాచుకుంటున్న హర్ట్, వచ్చినవాడు ఎఫ్.బి.ఐ. మనిషేమోనని బెదిరాడట. ఆయన దగ్గర గిటారు కూడా లేదు. హాస్కిన్స్ తెచ్చిన గిటారు అందుకుని పాడితే, ముప్ఫై అయిదేళ్ళ కిందటి వేళ్ళు అవే. ఆ జూలైలో న్యూపోర్ట్ జానపదోత్సవంలో వేలమంది ముందు ఆయన పాడాడు. 1966లో పోయేలోగా ఎల్పీలు చేశాడు, కాలేజీల్లో కచేరీలు చేశాడు. మిగిలింది మూడేళ్ళే అయినా, తన పాట కోసం ఎదురుచూసే జనాన్ని ఆయన కళ్ళారా చూశాడు.

1964 జూన్‌లో ఇలాంటి వెతుకులాటలు రెండు ఒకేసారి ఫలించాయి. సన్ హౌస్ కోసం డిక్ వాటర్‌మన్, నిక్ పెర్ల్స్, ఫిల్ స్పైరో మిసిసిపీ అంతా తిరిగితే, ఆయన ఇరవై ఏళ్ళుగా న్యూయార్కు రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఉంటున్నాడని తేలింది. గిటారు మానేసి చాలా ఏళ్ళయింది. పాత ప్లేట్లు కంఠస్థం చేసిన ఆలన్ విల్సన్ అనే యువకుడు ఆయన పక్కన కూర్చుని, ఆయన పాటలను ఆయనకే గుర్తు చేశాడు. స్కిప్ జేమ్స్ అదే రోజుల్లో మిసిసిపీలోని టునికా ఆసుపత్రిలో, జాన్ ఫేహీ, బిల్ బార్త్, హెన్రీ వెస్టీన్‌ల కంట పడ్డాడు. ఓటు హక్కు ఉద్యమానికి వచ్చిన యువకులను మిసిసిపీలో చంపేసిన నెల కూడా అదే. ఉత్తరాది నంబరు పలకలున్న కారులో తెల్ల కుర్రవాళ్ళు నల్లజాతి వాడలు తిరిగి పాటగాళ్ళ కోసం వాకబు చేయడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

ఈ వరుసలో ఒక కొస భారతదేశం దాకా వచ్చింది. బ్లైండ్ విల్లీ జాన్సన్ టెక్సస్ వీధుల్లో దైవభక్తి పాటలు పాడుకున్న అంధగాయకుడు. 1927లో డాలస్‌లో మాటలు లేకుండా, గొంతు మూలుగు, తీగ జారుడు మాత్రమే కలిపి చేసిన ఆయన రికార్డు 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లోని బంగారు పలకకు ఎక్కింది. రై కూడర్ అనే అమెరికా గిటారిస్టు ఆ బాణీ ఆధారంగా 1984లో ‘పారిస్, టెక్సస్’ సినిమాకు సంగీతం కట్టాడు. అదే కూడర్, రాజస్థాన్‌కు చెందిన విశ్వమోహన్ భట్ మోహనవీణ విని ఆకర్షితుడై ఆయనతో కలిసి వాయించాడు. 1993లో విడుదలైన ఆ ఆల్బం ‘ఎ మీటింగ్ బై ద రివర్’కు మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. తీగ మీద గొట్టం జార్చే రెండు సంప్రదాయాలు అందులో ఒకదాన్నొకటి వింటూ సాగుతాయి.

పేరు చేరినంత త్వరగా డబ్బు ఈ గాయకులకు చేరలేదు. ఎల్విస్ మొదటి రికార్డుకు పాట ఇచ్చిన ఆర్థర్ క్రూడప్, తనకు రావలసిన రాయల్టీలో చాలా భాగం చూడకుండానే, పొలం పనుల మీద బతుకుతూ 1974లో పోయాడు. బెస్సీ స్మిత్ 1937లో కారు ప్రమాదంలో చనిపోతే, ఆమె సమాధి మీద రాయి లేకుండా ముప్ఫై మూడేళ్ళు గడిచాయి. ఆమె పాటలే గురువుగా ఎదిగిన జానిస్ జాప్లిన్, బెస్సీ ఇంట్లో చిన్నప్పుడు పనిచేసిన జువానీటా గ్రీన్ కలిసి 1970 ఆగస్టులో రాయి వేయించారు. ఆ అక్టోబరులో జాప్లిన్ కూడా చనిపోయింది. స్కిప్ జేమ్స్ విషయం కాస్త మెరుగు. క్రీమ్ బృందం 1966లో ఆయన ‘ఐయామ్ సో గ్లాడ్’ పాడి రచయితగా ఆయన పేరే వేసింది. క్యాన్సరుతో ఉన్న ఆయనకు ఆ రాయల్టీ వైద్యానికి అక్కరకొచ్చింది.

విల్లీ డిక్సన్ మాత్రం కోర్టు దాకా పోయాడు. 1969లో లెడ్ జెపెలిన్ విడుదల చేసిన ‘హోల్ లాటా లవ్’లో, తాను రాయగా మడ్డీ వాటర్స్ 1962లో పాడిన పాట మాటలున్నాయని 1985లో దావా వేశాడు. రెండేళ్ళకు రాజీ కుదిరి, రచయితల్లో ఆయన పేరు చేరింది. ఇలాంటి హక్కులు తెలియక నష్టపోయిన పాత కళాకారులకు సాయపడటానికి ఆయన బ్లూస్ హెవెన్ అనే సంస్థ పెట్టాడు. 1992లో డిక్సన్ చనిపోయాక ఆయన భార్య మేరీ, షికాగో సౌత్ మిషిగన్ వీధిలో 2120 నంబరు భవనాన్ని, అంటే పాత చెస్ స్టూడియోను కొని ఆ సంస్థకు ఇచ్చింది. అక్కడ ఇప్పుడు బ్లూస్ ప్రదర్శనశాల నడుస్తోంది.